మీ నాయన ఫైలుతో కర్నూలు వచ్చే ముందు

అల్లుడూ,

మీ నాయనకు రొమ్ము క్యాన్సరంటే, ‘మగోళ్లకు రొమ్ము క్యాన్సరేందత్తా?’ అన్నావు. వస్తుంది నాయనా. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్లదే. చనుమొన వెనక నొప్పి లేని గట్టి గడ్డ, మొన లోపలికి లాక్కుపోవడం దాని గుర్తులు. నర్సుగా నా సర్వీసంతా చూశాను, పెద్దమనుషులు చొక్కా విప్పడానికి సిగ్గుపడే జబ్బు ముదరబెట్టుకుంటారు. మీ నాయనా అంతే. ఓపీలో గుండీలు నువ్వే విప్పు.

ఆయన చంకలో గడ్డ టీబీ అని తేలింది కదా, ఇక క్యాన్సర్ అక్కడికి పాకలేదని నిశ్చింతగా ఉండొద్దు. ఒక గడ్డలో టీబీ, పక్కదాంట్లో క్యాన్సర్ ఉండొచ్చు. ఒకే గడ్డలో రెండూ ఉండొచ్చు. ఒళ్లంతా తీసే పెట్ స్కాన్‌లో రెండూ ఒకేలా వెలుగుతాయి, అందుకని ముక్క పరీక్షే లెక్క. ఆపరేషన్‌లో తీసిన గడ్డలన్నీ పరీక్షకు పోవాలి. టీబీ కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు పంపే ముక్కను ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా వేసే మందునీళ్లలో) వేస్తే క్రిములు చచ్చిపోతాయి, అది సెలైన్ డబ్బాలో వేరేగా పోవాలి. ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను ఈ సంగతి అడుగు. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

నా అసలు టెన్షన్ మందుల గురించే. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. దాంతో మూత్రం నారింజ రంగులో వస్తుంది, దానికి భయం లేదు. కానీ టామాక్సిఫెన్ అనే క్యాన్సర్ మాత్రను అది ఒంట్లో నిలవనివ్వదు. మగవాళ్లలో ఈ క్యాన్సర్ ఎక్కువగా హార్మోన్‌తో పెరిగే రకమే కాబట్టి ఆ మాత్ర రాసే అవకాశం ఎక్కువ. కీమో ఇస్తే ఒంట్లో శక్తి తగ్గి టీబీ రెచ్చిపోవచ్చు, లివర్ మీదా భారం పడుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది క్యాన్సర్ డాక్టరూ టీబీ డాక్టరూ మాట్లాడుకునే చెప్పాలి. ఇద్దరి మందులూ ఒకే కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించు. పెద్దాసుపత్రికి రమ్మంటున్నది అందుకే, ఇద్దరూ ఒక్కచోటే దొరుకుతారు.

టీబీ కోర్సు మామూలుగా 6 నెలలు. మధ్యలో గడ్డ కాస్త ఉబ్బినా డాక్టరు చెప్పకుండా మానొద్దు. ఊపిరితిత్తుల్లో టీబీ లేదని తేలితే అది ఇతరులకు అంటదు, కంచం వేరు పెట్టి ఆయన మనసు కష్టపెట్టొద్దని మీ అమ్మకు చెప్పు. సర్కారు టీబీ రోగుల జాబితా నిక్షయ్‌లో పేరు ఎక్కిస్తే తిండికి నెలకు 1000 రూపాయలు బ్యాంకులో పడతాయి. ఆధార్, పాస్‌బుక్, రేషన్ కార్డు తెచ్చుకో.

ఇంకొకటి, జన్యు పరీక్ష సంగతి తప్పకుండా అడుగు. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉంటే అది నీకూ, మీ చెల్లెలికీ, నాకూ ఉండొచ్చు.

మీ అత్త