క్వారీలోకి దిగే ఇంజిన్: అల్లుడికో ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నీ పాత డంపర్లకీ, డ్రిల్లుకీ వేయాల్సిన ఇంజిన్ల కోసం నువ్వు పంపిన కొటేషన్లు చూశాను. అన్నిట్లోనూ పైన పెద్ద అక్షరాల్లో హార్స్‌పవర్, కింద ధర. మధ్యలో ఉండాల్సినవి ఒక్కదాంట్లోనూ లేవు. డీలర్లను అనడానికి లేదు. "అరవై టన్నుల డంపర్‌కి ఇంజిన్ ఎంతకిస్తారు" అని నువ్వు అడిగావు, వాళ్లు అంతకే జవాబిచ్చారు. నెలాఖరులోపు బయానా ఇచ్చేయాలని తొందరపడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ఓ వారం ఆగు. బొగ్గు మీద నుంచి తవ్వి తీసే ఓబీ మట్టి ఎక్కడికీ పోదు.

పెద్ద ఇంజిన్ పెడితే ట్రిప్పులు పెరుగుతాయని నీ ఆలోచన. ముందు నీ డంపర్లు తిరిగే హాల్‌రోడ్డు లెక్క చేద్దాం. ఖాళీ బండి 45 టన్నులు, లోడు 55 టన్నులు, మొత్తం 100 టన్నులు అనుకో. క్వారీలో రోడ్డు వాలు 1:16 అంటే, ఆ ఎత్తు ఎక్కడానికే 6.25 టన్నుల లాగుడు కావాలి. చదును చేసే గ్రేడర్ తిరిగి, నీళ్లు చల్లి, గట్టిగా ఉన్న రోడ్డు మీద చక్రం దొర్లడానికి బరువులో 3 శాతం, అంటే ఇంకో 3 టన్నులు. మొత్తం 9.25 టన్నులు. దీన్ని గంటకు 12 కిలోమీటర్ల వేగంతో లాగాలంటే చక్రం దగ్గర 300 కిలోవాట్లకు పైగా కావాలి. ఇంజిన్ నుంచి చక్రానికి బలం మోసే టార్క్ కన్వర్టర్, గేర్‌బాక్స్, ఫైనల్ డ్రైవ్ కలిసి ఐదో వంతు తినేస్తాయి కాబట్టి ఇంజిన్ దగ్గర 380 కిలోవాట్లు, అంటే దాదాపు 510 హార్స్‌పవర్. ఫ్యాను, పంపులు, ఆల్టర్నేటర్ తినేది దీనికి అదనం.

ఇప్పుడు అదే రోడ్డు వానకు చితికిపోయి చక్రం దిగబడుతోందనుకో. 3 శాతం కాస్తా 6 శాతం అవుతుంది. బండి అదే, లోడు అదే, వేగం అదే, కావలసింది మాత్రం 670 హార్స్‌పవర్. అంటే 160 హార్స్‌పవర్ బురదలో కలుస్తోంది. నీకు 750 హార్స్‌పవర్ అంటగట్టాలని చూస్తున్న ఆ డీలర్ కుర్రాడు నీ రోడ్డు చూశాడా? చూడడు, అది అతని పని కాదు. గ్రేడర్‌ని రెండో షిఫ్టులో కూడా తిప్పడానికి అయ్యే ఖర్చూ, ఈ 160 హార్స్‌పవర్ కొని, ఏళ్ల తరబడి దానికి డీజిల్ పోయడానికి అయ్యే ఖర్చూ పక్కపక్కన రాసి చూసుకో. పైగా చెడ్డ రోడ్డు మీద బలమైన ఇంజిన్ పెడితే ఆ బలమంతా టైర్ల మీదా, ఫైనల్ డ్రైవ్ మీదా పడుతుంది. టైరు ధర నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. మన ఓసీపీల్లో, అంటే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో, ఖాళీ బండి దిగుతుంది, లోడు బండి ఎక్కుతుంది. అందుకే ఇంజిన్ ఎంత లాగుతుందో చూస్తాం. కొండ మీద తవ్వి కిందికి దించే ఖనిజం పని రేపు నీకు దొరికితే లెక్క తలకిందులవుతుంది. లోడు బండి దిగేటప్పుడు కావలసింది రిటార్డర్, అంటే వేగాన్ని అదుపులో పెట్టే బ్రేకు. ఆ బ్రేకుల వేడినంతా మోసేది ఇంజిన్ రేడియేటరే కాబట్టి అక్కడ ముందు చూడాల్సింది కూలింగ్. బైలదిల్లా లాంటి చోట సముద్ర మట్టం నుంచి వెయ్యి మీటర్లు దాటిన ఎత్తు ఉంటుంది. పలచటి గాలిలో, గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి 300 మీటర్లకూ దాదాపు 3 శాతం చొప్పున బలం పోతుంది. టర్బో ఉన్నది తట్టుకుంటుంది కానీ ఎంత ఎత్తు దాకా అనేది డేటా షీటులో ఉంటుంది, అడిగి తీసుకో. రామగుండం, కొత్తగూడెం వైపు ఆ గొడవ లేదు. మన గొడవ వేరే ఉంది, ఎండ. దాని సంగతికి తర్వాత వస్తాను.

హార్స్‌పవర్ అంకె పక్కన రెండు మాటలు వెతుకు. ఒకటి, అది గ్రాసా, నెట్టా. గ్రాస్ అంటే ఫ్యాను లాంటివి లేకుండా టెస్ట్ బెంచ్ మీద కొలిచింది. పెద్ద రేడియేటర్ ఫ్యాను ఒక్కటే చెప్పుకోదగ్గ బలం తినేస్తుంది. ఒక కొటేషన్‌లో గ్రాస్, ఇంకోదాంట్లో నెట్ ఉంటే రెంటినీ పోల్చడం దండగ. రెండోది రేటింగ్. ఒకే ఇంజిన్‌ని అప్పుడప్పుడూ ఫుల్ లోడు పడే పనికి ఒక అంకెతో, ఆగకుండా లాగే పనికి తక్కువ అంకెతో అమ్ముతారు. డంపర్ లోడుతో ఎక్కేటప్పుడు ఫుల్ బలం వాడుతుంది, తర్వాత ఖాళీగా దిగుతుంది, లోడు నింపే షావెల్ దగ్గర నిలబడుతుంది. సగటు తీస్తే 40 శాతం దగ్గర తేలుతుంది. పేలుళ్లకు రంధ్రాలు వేసే నీ డ్రిల్లు అలా కాదు. కంప్రెసర్ తిరుగుతున్నంతసేపూ లోడు మీదే, 75 శాతం ఈజీగా ఉంటుంది. డంపర్‌కి తీసుకున్న రేటింగ్‌తోనే డ్రిల్లుకీ ఇంజిన్ తీసుకుంటే ఒకే ఆర్డరులో డిస్కౌంటు వస్తుందని రాశావు. వద్దు. డ్రిల్లుకి కంటిన్యుయస్ రేటింగ్ ఉన్నదే తీసుకో.

ఇంజిన్ సైజు లీటర్ల సంగతి, అంటే సిలిండర్ల ఘనపరిమాణం సంగతి, కూడా ఇక్కడే చెప్పాలి. 600 హార్స్‌పవర్ కమ్మిన్స్ కంపెనీ ఇంజిన్లలో 15 లీటర్ల క్యూఎస్ఎక్స్15 నుంచీ వస్తుంది, 19 లీటర్ల క్యూఎస్‌కే19 నుంచీ వస్తుంది. మొదటిది అక్కడికి తన పైహద్దుకి చేరినట్టే. రెండోదానికి 800 దాకా రేటింగులున్నాయి కాబట్టి 600 దగ్గర అది ఊపిరి పీల్చుకుంటూ పని చేస్తుంది. చిన్నది తేలిక, ధర తక్కువ, రోడ్డు మీది బండికి బాగుంటుంది. లేత కోడెకు కాడి వేసి రోజంతా దున్నిస్తే మొదటి చాలు బాగానే వస్తుంది, సాయంత్రానికి తెలుస్తుంది సంగతి. మూడు షిఫ్టులూ నడిచే క్వారీ బండికి నేను ఎప్పుడూ పెద్ద బోరు (సిలిండర్ వ్యాసం), తక్కువ ఆర్పీఎం వైపే మొగ్గుతాను.

డీజిల్ లెక్క నువ్వే చేసుకోగలవు. మంచి ఇంజిన్ ఒక కిలోవాట్ గంటకు 210 గ్రాముల దగ్గర తాగుతుంది, అంటే పావు లీటరు. 600 హార్స్‌పవర్ అంటే 447 కిలోవాట్లు. డంపర్‌లో 40 శాతం లోడు మీద గంటకు 45 లీటర్లు. ఏడాదికి 5,000 గంటలు నడిస్తే రెండు లక్షల పాతిక వేల లీటర్లు. లీటరు 95 రూపాయలు వేసుకున్నా రెండు కోట్లు దాటింది. రెండు ఇంజిన్ల మధ్య 4 శాతం తేడా ఉంటే ఏడాదికి తొమ్మిది వేల లీటర్లు, ఎనిమిదిన్నర లక్షలు. ధర దగ్గర బేరమాడి నువ్వు తగ్గించుకునేది దీని ముందు ఎంత? అదే ఇంజిన్ డ్రిల్లులో గంటకు 84 లీటర్లు తాగుతుంది. ఓవర్‌హాల్ ఎన్ని గంటలకు అని అందరూ అడుగుతారు. ఎన్ని లీటర్లు తాగాక అని అడగాలి. ఇంజిన్ అరిగేది కాల్చిన డీజిల్‌ని బట్టి. డంపర్‌లో వచ్చినన్ని గంటలు డ్రిల్లులో సగం దగ్గరే ఆగిపోతే ఇంజిన్ నాసిరకమని డీలర్‌తో తగాదా పెట్టుకోకు.

ఇక నువ్వు అసలు అడిగింది: పాత మెకానికల్ ఇంజినా, కొత్త ఎలక్ట్రానిక్‌దా?

కమ్మిన్స్ పాత మెకానికల్ కె-సిరీస్ అంటే నాకు ఇష్టమని నీకు తెలుసు. కేటీఏ19, కేటీఏ38, కేటీఏ50 మూడింటికీ బోరూ, స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) ఒకటే, 159 మిల్లీమీటర్లు. సిలిండర్లు మాత్రం 6, 12, 16. ఒక్కో సిలిండర్‌కీ హెడ్ విడిగా ఉంటుంది కాబట్టి ఒక హెడ్ పోతే బండి దగ్గరే అదొక్కటీ విప్పి మార్చుకోవచ్చు. వీటికి డీజిల్ అందించే పీటీ పంపుని చెవితోనూ గేజీతోనూ పట్టగలిగిన మెకానిక్కులు మన కోల్‌బెల్టులో ఇంకా ఉన్నారు. అయితే వాళ్లలో చాలామంది నా వయసువాళ్లు. నీ క్యాంపులో ఇప్పుడున్న కుర్రాళ్లకి లాప్‌టాప్ తగిలించి ఫాల్ట్ కోడ్ చదవడం తేలిక. డీజిల్ ఆదా కూడా ఎలక్ట్రానిక్ ఇంజిన్‌దే పైచేయి. పైగా బండి ఎంతసేపు ఉత్తగా ఐడిలింగ్‌లో నిలబడిందో, మొత్తం ఎన్ని లీటర్లు తాగిందో అది రాసిపెడుతుంది, ఆపరేటర్‌తో వాదన ఉండదు. ఐడిలింగ్ ఊరికే పోయే డీజిల్ మాత్రమే కాదు. సిలిండర్ చల్లబడి డీజిల్ సరిగా కాలక రింగులు మసిబారతాయి.

కాబట్టి నా మాట: మూడేళ్లకు మించి కాంట్రాక్టు ఉండి, డీజిల్ నీ ఖాతాలోదే అయితే డంపర్లకు ఎలక్ట్రానిక్ ఇంజినే తీసుకో. ఏడాదిలో పని అయిపోయేదైతే ఉన్నదాన్నే కంపెనీ విడిభాగాలతో ఓవర్‌హాల్ చేయించు. కానీ ఎలక్ట్రానిక్ తీసుకున్నాక నీ డీజిల్ బౌజర్‌ని, అంటే బండ్లకు డీజిల్ పోసే ట్యాంకర్‌ని, ఇప్పుడున్న స్థితిలో ఉంచకు. ఎలక్ట్రానిక్ ఇంజిన్‌లో ఉండే కామన్ రైల్ ఇంజెక్టర్‌లో డీజిల్ రెండు వేల బార్ దాకా ఒత్తిడితో పోతుంది, లోపలి భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లు. పీటీ ఇంజిన్ సణుగుతూ అయినా భరించిన చెత్తని ఇది భరించదు. బౌజర్ మూత మీద గుడ్డ కప్పే పద్ధతి మానేసి బ్రీదర్ ఫిల్టర్ పెట్టించు. నింపే గొట్టానికి ముందు ఫిల్టర్, నీళ్లు పట్టే సెపరేటర్ పెట్టించు. రోజూ పొద్దున సెపరేటర్ నుంచి నీళ్లు దించే బాధ్యత ఒక మనిషికి అప్పజెప్పు. ఈ ఖర్చు ఇంజిన్ ధరలో భాగమే అనుకో.

దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆ సైజు ఇంజిన్ ఫుల్ లోడు మీద నిమిషానికి 35 నుంచి 40 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. మన ఓబీ అంతా ఇసుకరాయి, అంటే సిలికా. పిస్టన్‌కీ, అది కదిలే సిలిండర్ గొట్టమైన లైనర్‌కీ మధ్యకి అది చేరితే సానరాయే. కొటేషన్‌లో ఎయిర్ క్లీనర్ సైజు చూడు. ప్రీ-క్లీనర్ ఉండాలి, లోపల సేఫ్టీ ఎలిమెంట్ ఉండాలి, ఫిల్టర్ మూసుకుపోతే చూపించే రెస్ట్రిక్షన్ ఇండికేటర్ ఉండాలి. ఇండికేటర్ ఎరుపు చూపిస్తే, అంటే 25 అంగుళాల నీటి మట్టం దగ్గర, మార్చెయ్. టైరుకేసి కొట్టి దులిపి మళ్లీ పెట్టే కుర్రాణ్ణి ఆ షెడ్డులో ఉంచకు. ఫిల్టర్ కన్నా ద్రోహం చేసేది ఫిల్టర్ తర్వాత ఉండే రబ్బరు గొట్టం, దాని క్లాంపు. అక్కడ వెంట్రుకంత సందున్నా పైన ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా ఒకటే. దీన్ని పట్టేది ఆయిల్ పరీక్ష. ప్రతి ఆయిల్ మార్పుకీ శాంపిల్ పంపు. సిలికాన్ పెరిగితే గాలి దారి చూడు, సిలికానూ ఇనుమూ కలిసి పెరిగితే లైనర్లు అరుగుతున్నాయి, సోడియం పెరిగితే కూలెంట్ ఆయిల్‌లోకి వస్తోందేమో చూడు.

ఎండ సంగతి. మే నెలలో మన దగ్గర నీడలోనే 45 దాటుతుంది. క్వారీ అడుగున నల్ల బొగ్గు బెంచీ మీద ఎంతుంటుందో నీకే తెలుసు. కూలింగ్ ప్యాకేజీ 50 డిగ్రీల బయటి వేడికి సరిపోయేలా ఉందని రాతపూర్వకంగా తీసుకో. రేడియేటర్ రెక్కలు మరీ దగ్గరగా ఉంటే బొగ్గు పొడీ ఆయిల్ ఆవిరీ కలిసి పేస్టులా పట్టేస్తాయి, ఎడంగా ఉన్నది అడుగు. అందులో బోరునీళ్లు పోయనివ్వకు. డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు), దాంతో కంపెనీ చెప్పిన కూలెంట్ అడిటివ్ వాడు. లేకపోతే చుట్టూ కూలెంట్ తిరిగే వెట్ లైనర్ బయటి గోడ మీద నీటి బుడగలు పేలి పేలి సూది గుంటలు పడతాయి, ఒకరోజు కూలెంట్ లోపలికి దారి చేసుకుంటుంది. అడిటివ్ ఖర్చు దండగని మీ స్టోర్స్ వాళ్లు అంటే ఒక పాత లైనర్ తెచ్చి చూపించు.

పాత బండిలో కొత్త రకం ఇంజిన్ దించేటప్పుడు టార్క్ కన్వర్టర్‌తో జోడీ కుదురుతుందా అన్నది డీలర్ సేల్స్ మనిషి కాదు, అప్లికేషన్ ఇంజినీరు సంతకం పెట్టి చెప్పాలి. పాతది 2,100 ఆర్పీఎం, కొత్తది 1,800 అయితే బండి పైకి బాగానే కనిపించి రోడ్డెక్కాక గేరు పట్టదు. మౌంటింగులు, వైరింగు, డాష్‌బోర్డు, ఎగ్జాస్ట్ పైపు దారి, అన్నిటి ఖర్చూ కొటేషన్‌లో ఉండాలి. టర్బో పక్కనుంచి హైడ్రాలిక్ గొట్టం పోతుంటే దాన్ని మళ్లించి, హీట్ షీల్డ్ వేయించు. బండి మీద ఉన్న ఆటోమేటిక్ మంటలార్పే సిస్టమ్ నాజిళ్లు కొత్త ఇంజిన్‌కి తగ్గట్టు మార్చాలి. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ తనిఖీకి వచ్చినప్పుడు ముందు చూసేవాటిలో అదొకటి.

పొగ నిబంధనల గురించి కంగారుపడ్డావు. చక్రాల మీద నడిచే కొత్త నిర్మాణ యంత్రాలకు బీఎస్-4 2021 ఏప్రిల్‌లో, స్టేజ్-5 2025 జనవరిలో వచ్చాయి. నీ పాత డంపర్ల విషయంలో ఏది వర్తిస్తుందో డీలర్ నోటిమాట కాకుండా కాగితం మీద తీసుకో, నీకు పని ఇచ్చిన కంపెనీ టెండరు షరతు కూడా ఒకసారి చదువు. పొగగొట్టంలో ఫిల్టర్ ఉన్న ఇంజిన్ వస్తే దానికి తక్కువ బూడిద మిగిల్చే సీకే-4 ఆయిల్ వాడాలి. యూరియా ద్రావణం కూడా కావాల్సిన రకమైతే దాన్ని నిలవ చేయడానికి నీడ కావాలి. ఇంతకు మించి అందులో భయపడాల్సింది లేదు.

బ్రాండు గురించి నన్ను ఒత్తిడి చేయకు. క్యాటర్‌పిల్లర్ 3500 సిరీస్, కొమాట్సు 140 సిరీస్, కమ్మిన్స్ కె, క్యూఎస్‌కే... అన్నీ క్వారీల్లో నలిగి నిలబడినవే. గోదావరిఖనిలో రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరి మనిషి వస్తాడు, ఇంజెక్టరూ వాటర్ పంపూ టర్బో ఎవరి దగ్గర మంచిర్యాలలోనో రామగుండంలోనో స్టాకులో ఉంటాయి, ఎవరివి హైదరాబాద్ నుంచో పుణె నుంచో రావాలి, ఇది కనుక్కో. నీ పక్క కాంట్రాక్టర్ల ఫోర్‌మెన్లకు టీ తాగించి అడుగు, వాళ్లు డీలర్ కన్నా నిజం చెబుతారు. నీ దగ్గరున్న మిగతా బండ్లతో ఫిల్టర్లూ విడిభాగాలూ కలిసేదైతే దానికి నేను రెండు మార్కులు ఎక్కువే వేస్తాను.

ఆ మూడో కొటేషన్‌లో ఉన్న సెకండ్‌హ్యాండ్ ఇంపోర్టెడ్ ఇంజిన్ చౌకే. కొనాలనుకుంటే ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) రిపోర్టు దించమను, గంటలతో పాటు తాగిన లీటర్లు చూడు. రిపోర్టు ఇవ్వనంటే అక్కడితో ఆపెయ్. ఇస్తే వేడెక్కించి, లోడు మీద బ్లో-బై (రింగుల పక్కనుంచి కిందికి జారే గ్యాసు) కొలిపించు, ఆయిల్ శాంపిల్ నీ చేత్తో నువ్వే తీసి నీ ల్యాబ్‌కే పంపు.

ఇప్పుడు నాకు ఇవి పంపించు: ఒక వారం డంపర్ల ట్రిప్ షీట్లు, తవ్వే ఫేస్ నుంచి మట్టి పోసే డంప్ దాకా రోడ్డు పొడవూ వాలూ, రెండు బండ్ల డీజిల్ ఇష్యూ రిజిస్టర్, ఇప్పుడున్న కన్వర్టర్ మోడల్ నంబరు, చివరి ఆయిల్ రిపోర్టులు. ట్రిప్ షీట్లలో షావెల్ దగ్గర బండి ఆగిన సమయం విడిగా రాయించు, మీ సూపర్‌వైజర్ దాన్ని కలిపేస్తాడు. అవి చేరాక నేనే వచ్చి డీలర్‌తో కూర్చుంటాను. అత్త కూడా వస్తానంటోంది, మీ అమ్మకి చెప్పు.

మీ మామ