పాఠకుల ప్రశ్నలు: ఆ పక్షులు ఎందుకు తిరగబడ్డాయి?

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వంలో 1963లో వచ్చిన ‘ది బర్డ్స్’ చిత్రాన్ని గత సంచికలో ఒక పేజీలో పరిచయం చేశాము. దాని మీద వచ్చిన ఉత్తరాలు ఆ పేజీకి పదింతలు ఉన్నాయి గనుక ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము. చూడనివారి కోసం కథ రెండు మాటల్లో: మిచ్ అనే న్యాయవాదిని ఆటపట్టించాలన్న సరదాతో, మెలనీ అనే సంపన్నుల అమ్మాయి రెండు లవ్‌బర్డ్స్‌ను పంజరంలో పెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న బొడేగా బే అనే చిన్న ఊరికి వస్తుంది. అఖాతం దాటడానికి ఎక్కిన పడవను ఆమె ఇంకా దిగకముందే ఒక సీగల్ ఆమె నుదుటిని గాయపరుస్తుంది. అక్కడి నుంచి ఊరి మీదకు పక్షులు గుంపులు గుంపులుగా విరుచుకుపడతాయి.

*ప్రశ్న: రెండు గంటల సేపు ఊపిరి బిగబట్టి చూశాను. చివరికి పక్షులు ఎందుకు దాడి చేశాయో చెప్పనే లేదు. ఇంత పేరున్న సినిమాలో ఇది కథాలోపం కాదా? — ఒక పాఠకుడు, విజయవాడ*

చాలామంది ఇదే అడిగారు. కారణం చెప్పడం మరిచిపోయి ఉంటే అది లోపమే అయ్యేది. ఇక్కడ జరిగింది వేరు. రేవు పక్కన రెస్టారెంట్‌లో జరిగే సుదీర్ఘమైన సన్నివేశాన్ని మరొకసారి చూడండి. పక్షి శాస్త్రం తెలిసిన మిసెస్ బండీ అనే పెద్దావిడ, వేర్వేరు జాతుల పక్షులు ఒక్క గుంపుగా చేరడం అసంభవమని లెక్కలు చెప్పి వాదిస్తుంది. ఒక మూల కూర్చున్న తాగుబోతు బైబిల్ వాక్యాలు వల్లిస్తూ ఇది లోకాంతమని ప్రకటిస్తాడు. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, నువ్వు వచ్చాకే ఇదంతా మొదలైంది, దీనికంతటికీ నువ్వే కారణం అంటూ మెలనీ మీద విరుచుకుపడి చెంపదెబ్బ తింటుంది. శాస్త్రం, మతం, శకునం అనే మూడు సమాధానాలనూ హిచ్‌కాక్ మన ముందు పెట్టి, మూడింటినీ అక్కడికక్కడే పనికిరాకుండా చేశాడు. దాడి ముగిశాక, అంతసేపు వాదించిన మిసెస్ బండీ ఎవరి ముఖమూ చూడలేక వెనక్కి తిరిగి కూర్చుని ఉంటుంది. కారణం తెలిస్తే నివారణ కూడా ఆలోచించవచ్చు. మందు జల్లవచ్చు, శాంతి చేయించవచ్చు. ఆ వెసులుబాటు లేకుండా చేయడమే ఈ చిత్రంలోని భయానికి ఆయువుపట్టు అని నా అభిప్రాయం.

*ప్రశ్న: ఇది నిజంగా జరిగిన సంఘటన ఆధారంగా తీశారని విన్నాను. నిజమేనా? — ఒక పాఠకురాలు, ఖమ్మం*

సగం నిజం. చిత్రానికి ఆధారం బ్రిటిష్ రచయిత్రి డాఫ్నీ డ్యూ మారియే 1952లో ప్రచురించిన కథ. అయితే హిచ్‌కాక్ ఆ కథను తెరకెక్కించే పనిలో ఉండగానే, 1961 ఆగస్టు 18 తెల్లవారుజామున, కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతం ఒడ్డున కాపిటోలా అనే ఊళ్లో సూటీ షియర్‌వాటర్ అనే సముద్ర పక్షులు పొగమంచులో దారితప్పి ఇళ్ల పైకప్పులకూ కరెంటు స్తంభాలకూ గుద్దుకుని వీధుల నిండా పడ్డాయి. చప్పుడుకు లేచి టార్చిలైట్లతో బయటికి వచ్చినవారి మీదకే, ఆ వెలుగును చూసి, మరికొన్ని దూసుకొచ్చాయి. అవి కక్కిన చేపలతో ఊరంతా నీచు వాసన కొట్టింది. దగ్గరలోని కొండల్లో హిచ్‌కాక్‌కు ఒక ఇల్లు ఉండేది. ఆయన వెంటనే స్థానిక దినపత్రికకు ఫోన్ చేసి ఆ వార్త ఉన్న ప్రతిని తెప్పించుకున్నాడు. పై జవాబులో చెప్పిన రెస్టారెంట్ సన్నివేశంలోనే, నిరుడు శాంటా క్రూజ్‌లో (కాపిటోలా పక్కనే ఉన్న ఊరు) ఇలాంటిదే జరిగిందన్న మాట కూడా వస్తుంది.

అసలు విశేషం తర్వాత జరిగింది. 1991లో అదే అఖాతంలో గోధుమరంగు పెలికాన్లు మత్తెక్కినట్లు తూలి చనిపోతుంటే పరీక్షించిన శాస్త్రజ్ఞులకు డొమోయిక్ ఆమ్లం అనే విషం కనిపించింది. సముద్రంలోని ఒక రకం సూక్ష్మ శైవలాలు దాన్ని తయారుచేస్తాయి. వాటిని తిన్న చిన్న చేపల్లో అది పేరుకుంటుంది. ఆ చేపలను తిన్న పక్షుల మెదడును దెబ్బతీస్తుంది. 1961 వేసవిలో అక్కడి సముద్రం నుంచి సేకరించి భద్రపరచిన సూక్ష్మ జంతువుల నమూనాలను, దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, లూసియానా స్టేట్ యూనివర్సిటీ వారు తెరిచి చూస్తే వాటి కడుపులోనూ ఆ శైవలాలే ఎక్కువగా కనిపించాయి. కాబట్టి కాపిటోలా పక్షులు మనుషుల మీద పగబట్టినవి కావు, విషాహారం తిని దిక్కుతోచక పడినవని గట్టిగా అనుమానించవచ్చు. బొడేగా బే పక్షులకు మాత్రం ఈ వివరణ అతకదు. దిక్కుతోచని పక్షి బడి వదిలేదాకా కాచుకుని కూర్చోదు కదా!

*ప్రశ్న: నేను ఫిల్మ్ కోర్సు చదువుతున్నాను. మా అధ్యాపకులు బడి దగ్గర కాకులు చేరే సన్నివేశాన్ని తరగతిలో మూడుసార్లు వేశారు. అందులో అంత గొప్పతనం ఏముంది? — ఒక విద్యార్థి, హైదరాబాద్*

మీ అధ్యాపకులు మంచి పని చేశారు. మెలనీ బడి బయట బెంచీ మీద కూర్చుని సిగరెట్ వెలిగిస్తుంది. ఆమె వెనుక, పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనుప కమ్మీల చట్రం మీద ఒక కాకి వాలుతుంది. ఆమె చూడదు, మనం చూస్తాము. మరికొన్ని వాలతాయి. లోపల పిల్లలు పాట పాడుతూనే ఉంటారు. (ఆ జానపద గీతం నిడివి చాలక, స్క్రీన్‌ప్లే రాసిన ఎవాన్ హంటర్ అదనపు చరణాలు కట్టాల్సి వచ్చింది.) పాత్రకు తెలియని ప్రమాదం ప్రేక్షకుడికి తెలిసి ఉండడమే సస్పెన్స్ అని హిచ్‌కాక్ జీవితమంతా చెబుతూ వచ్చాడు, ఇంతవరకు ఆ సూత్రం ప్రకారమే నడిచింది. ఆ తర్వాత ఆయన తన సూత్రాన్ని తానే పక్కన పెట్టాడు. కెమెరా కాకుల వైపు వెళ్లడం మానేసి మెలనీ ముఖం మీదే ఉండిపోతుంది. ఈలోగా వెనుక ఎన్ని చేరాయో ఇప్పుడు మనకూ తెలియదు. చివరికి ఆకాశంలో ఎగురుతున్న ఒక కాకి ఆమె కంటపడుతుంది. దాని వెంటే చూపు తిప్పుతుంది. అది వెళ్లి వాలేసరికి చట్రమంతా నల్లగా నిండిపోయి ఉంటుంది. తెలిసినవాళ్లమనే ధీమాతో ఉన్న మనల్ని కూడా ఆమె పక్కనే కూర్చోబెట్టడం అందులోని పనితనం. ఆ కాకుల్లో చాలా వరకు బొమ్మలే. కొన్ని నిజమైనవి కదులుతూ ఉంటే చాలు, మిగిలినవాటికి మన కన్నే ప్రాణం పోస్తుంది.

*ప్రశ్న: నేపథ్య సంగీతం లేకుండా అంత భయం ఎలా పుట్టించారు? కంప్యూటర్లు లేని రోజుల్లో అన్ని పక్షులను ఎలా చూపించారు? — ఒక పాఠకుడు, డల్లాస్, అమెరికా*

మామూలు అర్థంలో సంగీతం లేదన్నది నిజమే. బెర్లిన్‌లో ఆస్కార్ సాలా అనే కళాకారుడు ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద, రెమీ గాస్‌మాన్‌తో కలిసి, రెక్కల చప్పుళ్లనూ అరుపులనూ సృష్టించాడు. హిచ్‌కాక్ చిత్రాలకు సంగీతం ఇచ్చే బెర్నార్డ్ హెర్మన్ ఈసారి ఒక్క స్వరమూ కట్టకుండా ధ్వని సలహాదారుగా పనిచేశాడు.

పక్షుల సంగతి మరింత ఆసక్తికరమైనది. రే బెర్విక్ శిక్షణ ఇచ్చిన నిజమైన పక్షులు, బొమ్మలు, విడిగా చిత్రీకరించి అతికించినవి అన్నీ కలిసి 370కి పైగా ట్రిక్ షాట్లు ఉన్నాయి. అప్పట్లో ఇలా అతికించడానికి నీలి తెర వాడేవారు. కానీ వేగంగా కొట్టుకునే రెక్కల అంచుల్లో నీలిరంగు గీత మిగిలిపోయేది. అందుకని డిస్నీ సంస్థలో ఉన్న సోడియం ఆవిరి దీపాల పద్ధతిని ఆశ్రయించారు. మన వీధుల్లో మొన్నమొన్నటి వరకు వెలిగిన పసుపు దీపాల జాతి వెలుగే అది. ఆ వెలుగు పడిన తెర ముందు పక్షిని చిత్రీకరిస్తే, కెమెరాలోని ప్రత్యేక పట్టకం ఆ ఒక్క పసుపునూ వేరుచేసి రెండో ఫిల్ము మీదకు పంపుతుంది. దానితో పక్షి ఆకారం ఈకతో సహా శుభ్రంగా విడివడుతుంది. ఈ పనికి పెద్దదిక్కు, మిక్కీ మౌస్ సృష్టిలో పాలుపంచుకున్న అబ్ ఐవర్క్స్. ఆస్కార్‌కు నామినేషన్ వచ్చింది కానీ బహుమతి ‘క్లియోపాత్రా’ ఎగరేసుకుపోయింది. పక్షులు నిండిన ఆ చివరి షాట్ ఒక్కటే 32 వేర్వేరు ముక్కలను కలిపి చేసినది.

*ప్రశ్న: మూలకథ కూడా ఇలాగే ఉంటుందా? — ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

పేరూ పక్షులూ తప్ప ఏమీ కలవదు. అది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరంలో, నాట్ అనే పొలం కూలీ కుటుంబానికి జరిగిన కథ. యుద్ధంలో గాయపడి పింఛను పుచ్చుకుంటున్న ఆయన కిటికీలకు చెక్కలు బిగిస్తుంటే బాంబు దాడుల రోజులే గుర్తుకొస్తాయి. చివరి సిగరెట్ కాల్చి ఖాళీ పెట్టెను మంటలో పడేయడంతో కథ ముగుస్తుంది. నాకు వ్యక్తిగతంగా చిత్రం కన్నా కథే ఎక్కువ ఇష్టం.

*ప్రశ్న: కథానాయికను చిత్రీకరణలో నిజంగానే పక్షులతో పొడిపించారట. అలాంటి చిత్రాన్ని మెచ్చుకోవడం సబబేనా? — ఒక పాఠకురాలు, తిరుపతి*

మీరు విన్నది అబద్ధం కాదు. ఇంటి పై గదిలో మెలనీ మీద జరిగే దాడికి యంత్రపు పక్షులను వాడతారని ఆ పాత్ర వేసిన టిప్పీ హెడ్రెన్‌కు ముందు చెప్పారు. తీరా చిత్రీకరణ రోజున నిజమైన పక్షులను తెచ్చారు. చేతులకు తోలు తొడుగులు వేసుకున్న సిబ్బంది రోజుల తరబడి వాటిని ఆమె మీదకు విసిరారు. చివరికి కొన్నింటిని ఆమె దుస్తులకే కట్టారు. కంటి దగ్గర గాయమయ్యాక ఆమె కుప్పకూలిపోయింది, డాక్టరు విశ్రాంతి తీసుకోవాలని చెప్పాడు. హిచ్‌కాక్ తనను లైంగికంగా వేధించాడని 2016లో ప్రచురించిన ఆత్మకథలో ఆమె ఆరోపించింది. ఆయన అప్పటికి 36 ఏళ్ల కిందటే మరణించాడు. నేను ఆ పై గది సన్నివేశాన్ని నటనగా మెచ్చుకోలేను, అందులో కనిపించే అలసట నటన కాదు కాబట్టి. చిత్రంలో అంతకన్నా భయపెట్టే సన్నివేశం ఒకటి ఉంది, దానికి ఏ పక్షీ అక్కరలేకపోయింది.

పొగగొట్టంలోంచి పిచ్చుకలు ఇంట్లోకి దూరి బీభత్సం చేసిన రాత్రి, మిచ్ తల్లి లిడియా పగిలిన టీకప్పుల ముక్కలను ఏరుతూ ఉంటుంది. మర్నాడు ఆమె పక్క పొలం రైతు ఇంటికి వెళ్తుంది. పిలిస్తే పలకడు. వంటగదిలో వరుసగా కొక్కేలకు వేలాడుతున్న కప్పులు కనిపిస్తాయి. కింది భాగం పోయి, చెవులు మాత్రమే కొక్కేలకు మిగిలి ఉన్నాయి. ఏం జరిగిందో లిడియాకు అక్కడే అర్థమవుతుంది, మనకూ అర్థమవుతుంది. అయినా ఆ నడవాలో నడుస్తూనే ఉంటుంది. కళ్లు లేని శవాన్ని చూసి బయటికి పరిగెత్తాక నోరు తెరుస్తుంది కానీ అరుపు రాదు. ఆమె వెళ్లేటప్పుడు దుమ్ము లేవకుండా దారిలో నీళ్లు చల్లించి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బండి వెనుక దుమ్ము రేగేలా చూశాడు హిచ్‌కాక్.

*ప్రశ్న: అంత బీభత్సం జరిగాక కూడా, చివర్లో ఆ లవ్‌బర్డ్స్‌ను కారులో వెంట తీసుకెళ్లడం విడ్డూరంగా లేదూ? — ఒక పాఠకుడు, శ్రీకాకుళం*

అడిగింది పదకొండేళ్ల పిల్ల, మిచ్ చెల్లెలు క్యాతీ. అవి ఎవరికీ ఏ హానీ చేయలేదు, తీసుకురానా అంటుంది. మిచ్ కాదనడు. మొదట్లో మెలనీ కారు మలుపు తిరిగినప్పుడల్లా ఆ రెండు పక్షులూ కొమ్మ మీద ఒక పక్కకు ఒరిగితే మనం నవ్వుకున్నాము. ఇప్పుడు అదే పంజరాన్ని పట్టుకుని ఆ పిల్ల గుమ్మం నుంచి కారు దాకా, నేల కనిపించకుండా వాలి ఉన్న పక్షుల మధ్యనుంచి నడుస్తుంది. అవి కదలవు. కారు మెల్లగా దూరమవుతుంది. తెర మీద ‘సమాప్తం’ అన్న అక్షరాలు కూడా పడవు.