కంటికి తెర పడి తొలగిపోతే

ప్రశ్న: మా వారికి 58 ఏళ్లు. చాలాకాలంగా బీపీ ఉంది. తలనొప్పి వచ్చిన రోజే మాత్ర వేసుకుంటారు. మొన్న పేపరు చదువుతుంటే కుడి కంటికి పైనుంచి తెర దించినట్టు చీకటి కమ్మిందట. ఐదారు నిమిషాల్లో మామూలైపోయింది. నొప్పి లేదు. కళ్లద్దాల పవర్ మారి ఉంటుందంటున్నారు. కిందటేడు కంటి పరీక్షలో ‘బీపీ వల్ల లోపలి రక్తనాళాలు సన్నబడ్డాయి’ అని చెప్పారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే, ఆయన్ను ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లమని పత్రికవాళ్ల ద్వారా మీకు కబురు పంపాను. ఇంకో ఇంట్లో ఇలా జరిగితే వాళ్లు ఆలస్యం చేయకూడదని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పవర్ మారితే చూపు మసకబారుతుంది. నిమిషాల్లో పోయి నిమిషాల్లో తిరిగి రాదు. ఈ వయసులో, బీపీ ఉన్న మనిషికి ఇలా అయితే ముందు అనుమానించాల్సింది మెడలోని కెరోటిడ్ ధమనిని. మెదడుకు ఎక్కువ రక్తం తీసుకెళ్లేది అదే, కంటికి వెళ్లే కొమ్మ చీలేదీ దాన్నుంచే. దాని గోడకు పేరుకున్న కొవ్వులోంచి చిన్న ముక్కో, దానిమీద కట్టిన రక్తపు గడ్డో ఊడి వచ్చి, కంటి వెనక భాగంలో చూపును పట్టే పొర అయిన రెటీనా ధమనిలో చిక్కుకుంటే చీకటి కమ్ముతుంది. అది ముందుకు జారిపోతే చూపు వస్తుంది. కొందరిలో ఆ గడ్డ గుండె నుంచి కూడా రావచ్చు. ఇంకో గడ్డ మెదడుకు వెళ్తే పక్షవాతమే. ఆ ప్రమాదం మొదటి కొన్ని రోజుల్లోనే ఎక్కువ. అందుకే కంటి డాక్టరు ఒక్కరే చూస్తే చాలదు. మెడకు డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్), మెదడుకు స్కాన్, ఈసీజీ, ఎకో, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు వెంటవెంటనే జరగాలి.

గడ్డ కదలకుండా అక్కడే ఉండిపోతే కొన్ని గంటల్లోనే రెటీనా శాశ్వతంగా దెబ్బతింటుంది. ఆ తర్వాత ఏ చుక్కల మందూ ఆ చూపును తిరిగి తేలేదు. అయినా ‘తగ్గుతుందేమో అని చూశాం డాక్టర్ గారూ’ అంటూ మర్నాడో, ఆ మర్నాడో వచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. నొప్పి లేకపోవడం వల్లే ధీమాగా ఉండిపోతారు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

ఇక సన్నబడటం సంగతి. శరీరాన్ని కోయకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు రెటీనా. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే అక్కడి సన్నని ధమనుల గోడలు మందమై, లోపలి దారి ఇరుకవుతుంది. ధమని, సిర ఒకదాన్నొకటి దాటే చోట రెండింటికీ పై పొర ఒకటే. గట్టిపడిన ధమని సిరను నొక్కేస్తుంది. అక్కడ రక్తం ఆగి, వెనక రక్తస్రావమై, నీరు చేరుతుంది. చూపుకు కీలకమైన రెటీనా నడిమి భాగం, అంటే మాక్యులా, వాస్తే అక్షరాలు వంకరగా కనిపిస్తాయి. దీనికి కంటిలోకి ఇంజెక్షన్లు ఉన్నాయి, చాలామందికి గుణం కనిపిస్తుంది. మీ వారికి వచ్చింది ఇది కాదు. కానీ రెండింటికీ మూలంలో అదుపులో లేని బీపీ ఉంది. కిందటేడు వచ్చిన ఆ మాటను హెచ్చరికగానే తీసుకోవాలి.

మాత్ర విషయంలో ఆయనకు గట్టిగా చెప్పండి. బీపీ పెరిగినప్పుడల్లా తలనొప్పి రాదు, చాలామందికి ఏమీ తెలియదు. రోజూ వేసుకోవాల్సిందే. అలాగని కంగారుపడి రెండు మాత్రలు కలిపి వేసుకోవద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే దృష్టి నాడికి రక్తం చాలదు. నిద్రలో బీపీ మామూలుగానే తగ్గుతుంది కాబట్టి, రాత్రి వేసుకోవాలా పొద్దున వేసుకోవాలా అన్నది డాక్టరే చెప్పాలి. బీపీ 180/120 దాటి, చూపు మసకబారడమో తీవ్రమైన తలనొప్పో ఉంటే ఇంట్లో కూర్చోవద్దు, ఎమర్జెన్సీకే వెళ్లాలి.

డాక్టరుకు చెప్పేటప్పుడు పోయింది ఒక కంటి చూపా, రెండు కళ్లదా, ఎంతసేపు అన్నది స్పష్టంగా చెప్పండి. నమిలేటప్పుడు దవడ నొప్పి, కణతల దగ్గర తాకితే నొప్పి ఉంటే అదీ దాచకుండా చెప్పండి. యాభై దాటినవాళ్లలో అది ధమనుల వాపు కావచ్చు. అలా అనిపిస్తే డాక్టర్లు ఆ రోజే స్టెరాయిడ్ మొదలుపెడతారు, లేకపోతే రెండో కన్ను కూడా పోయే ప్రమాదం ఉంది.