తీగ బిగిసిన బత్తాయి చెట్లు దక్కుతాయా?

ప్రశ్న: మూడేళ్ల బత్తాయి తోట. గాలికి వాలకుండా మొక్కలను ఊతకర్రలకు ఇనుప తీగతో కట్టి, విప్పడం మరిచాను. పది చెట్లకు తీగ బెరడులోకి దిగింది. తీగకు పైన కాండం ఉబ్బింది, కింద సన్నగా ఉంది. ఆకులు పసుపెక్కుతున్నాయి. ఎరువు పెంచమంటారా?
– ఒక రైతు, నిడమనూరు మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: ఎరువు వద్దు. ముందు తీగ తీయండి, ఈరోజే.

చెట్టు పొడవు పెరిగేది కొమ్మల కొసల్లో, వేర్ల కొసల్లో మాత్రమే. గట్టు మీది వేపకు నడుమెత్తున మేకు కొడితే పదేళ్లకూ అది నడుమెత్తునే ఉంటుంది. లావు పెంచేది బెరడుకూ కట్టెకూ మధ్య ఉండే పలుచని పొర, కేంబియం. వానాకాలంలో పచ్చి కొమ్మ బెరడు ఒలిస్తే వేలికి జారుగా తగిలేది ఆ చోటే. (తాటికి ఈ పొర లేదు. దానికున్నది మొవ్వు ఒక్కటే, మొవ్వు పోతే తాటి పోయినట్టే.)

నీరు కట్టెలోంచి పైకి వెళ్తుంది. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపొరలోంచి కిందికి దిగుతుంది. కాండం లావెక్కే కొద్దీ తీగ ఈ రెండో దారిని నొక్కేసింది. ఆహారం పైనే ఆగి కాండం ఉబ్బింది, వేర్లు పస్తులున్నాయి. వాటిలో నిల్వ అయిపోతే చెట్టు నిలువునా ఎండుతుంది.

తీగను రెండు మూడు చోట్ల కత్తిరించి మెల్లగా తీయండి. రాని ముక్కను లాగి బెరడు చీల్చవద్దు. గాయానికి బోర్డో పేస్టు పూయండి: మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో విడివిడిగా 5 లీటర్ల చొప్పున నీటిలో కరిగించి ప్లాస్టిక్ తొట్టిలో కలపాలి.

నొక్కుడు పడిన చోట గోరుతో గీకి చూడండి. పచ్చగా, తడిగా ఉంటే ఆ చెట్టు కోలుకుంటుంది. చుట్టూ గోధుమరంగులో ఎండిపోయి ఉంటే వంతెన అంటు కట్టాలి. పెన్సిలు మందం బత్తాయి పుల్లలకు రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి, గాయానికి పైనా కిందా బెరడు కిందికి దూర్చి, ప్లాస్టిక్ టేపుతో బిగించండి. పుల్ల తలకిందులు కాకూడదు, కేంబియానికి కేంబియం తాకాలి. మూడు నాలుగు పుల్లలు పెడితే మంచిది. బెరడు సులువుగా లేచే రోజుల్లోనే ఈ పని కుదురుతుంది.

మొక్కకు మొదట్లో అంటు కట్టిన చోటుకు కింద, వేరుమూలం నుంచి వచ్చే రెమ్మలను మామూలుగా తీసేయమంటాను. ఈ పది చెట్లకు మాత్రం ఒకటి రెండు ఉంచండి. గాయం మానేదాకా వేర్లకు తిండి పెట్టేవి అవే.

పుల్లలు అతుక్కున్నాక టేపు విప్పడం మరవకండి, అది కూడా తీగలాగే బిగుస్తుంది.