నిరీక్షణా, ఆశా?

సందేహం: మా ఇంట్లో ఒకరికి ఏడాదిగా జబ్బు. ప్రార్థనకు వచ్చినవారంతా "నిరీక్షణ కోల్పోకండి" అంటున్నారు. నిరీక్షణంటే ఎదురుచూడటమేగా, హాయిగా 'ఆశ' అనొచ్చు కదా? పైగా 'నిరాశ'లోని 'నిర్' ఇందులోనూ ఉంది. ఈ వాడుక సరైనదేనా?

సమాధానం: మీవారికి త్వరగా నయం కావాలి. 'నిర్' గురించి బెంగ వద్దు. నిరాశలో అది లేమి, ఇక్కడ 'నిశితంగా' అని. అసలు కథ 'ఈక్షణ'లో ఉంది. ఈక్షణమంటే చూపు. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు 'యావదేతాన్ నిరీక్షేఽహం' అంటాడు. యుద్ధానికి వచ్చినవాళ్లను ఓసారి చూస్తాను, రథం ఆపమని. అక్కడ ఎదురుచూపు లేదు, ఎదుట ఉన్నవారిని చూడటమే. హిందీలో నిరీక్షణ్ అంటే ఇప్పటికీ తనిఖీ. తెలుగులో ఆ చూపు కాస్తా ఎదురుచూపైంది. తెలుగు బైబిలు 'ఆశ' అనే అర్థానికి ఈ మాటే తీసుకుంది, కన్నడ బైబిలు కూడా 'నిరీక్షె' అనే వాడింది.

ఇప్పుడు బైబిల్లో రోమా పత్రిక (రోమావారికి పౌలు రాసిన లేఖ) 5వ అధ్యాయం తీయండి. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని ఉంటుంది. పరీక్ష, నిరీక్షణ ఒకే ధాతువు బిడ్డలు! గ్రీకు మూలంలో ఆ రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు. 8వ అధ్యాయంలో ఇంకా చిత్రం: కనబడేదానికి నిరీక్షణతో పనిలేదట, చూడనిదాని కోసమే నిరీక్షించాలట. చూపులోంచి పుట్టిన మాటను చూడనిదానికి కట్టారు. అనువాదకులు తెలిసే చేశారో, కలిసొచ్చిందో గానీ, చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

బైబిల్లోనే 130వ కీర్తనలో కావలివారు ఉదయం కోసం 'కనిపెట్టుట' ఉంది. ఇదీ చూపు మాటే, 'కను'లోంచి వచ్చింది. ఇప్పటి పిల్లలకేమో కనిపెట్టడమంటే కొత్త యంత్రం తయారుచేయడం! తెల్లవారుజాము కావలివాణ్ణి తలచుకోండి. కళ్లు మూతలు పడుతుంటాయి, తూర్పు ఇంకా నల్లగానే ఉంటుంది. అయినా తెల్లవారుతుందా అన్న అనుమానం అతనికి లేదు, ఇంకెంతసేపు అన్నదే. ఈ నిబ్బరం 'ఆశ'కు చాలదు. పేరాశ, ఆశపోతు అంటూ దాన్ని మనమే పలుచన చేశాం. 'హోప్స్ పెట్టుకున్నా' అనేవాళ్లకు అదీ మిగల్లేదు.

కాబట్టి క్రైస్తవ సంఘంలో నిరీక్షణ స్థిరపడిన మాట, తప్పనలేను. ఆ అలవాటు లేనివారితో ఆశ అనో, నమ్మకం అనో అంటే పోయేదేమీ లేదు. మంచం పక్కన కూర్చుని "నిరీక్షణ కలిగియుండుము" అని గ్రాంథికంలో వల్లించడం మాత్రం నాకు గిట్టదు. క్యూలో గంట నిలబడ్డా 'సుదీర్ఘ నిరీక్షణ' అని రాసే పత్రికలవారి మీదే నా అసలు కోపం. దానికి 'పడిగాపులు' అనే మాట ఉందిగా!