దారిలో రెండు గంటలు నడిపినా వెనక బ్యాటరీ నిండకపోతే ముందు వైరు చూడండి

టెంపో ట్రావెలర్‌ని క్యాంపర్‌గా మార్పించాను, వెనక 150 ఏహెచ్ (ఆంపియర్లు × గంటలు) ట్యూబులర్ బ్యాటరీ పెట్టించాను, కడప నుంచి గండికోట దాకా బండి నడిచినా రాత్రి పదికల్లా ఫ్రిజ్ ఆగిపోతోంది, కొత్త బ్యాటరీ కొనాలా అని ఒకరు అడిగారు. ఇప్పుడే కొనొద్దన్నా. నేను అనంతపురంలో బండ్లకు, సోలార్‌కు వైరింగ్ పని చేస్తుంటాను. ఇలాంటి కంప్లైంట్‌తో వచ్చే బండ్లలో బ్యాటరీ కంటే వైరింగే ఎక్కువసార్లు దొరుకుతుంది.

ఆ మధ్య టవర్ క్లాక్ దగ్గర టిఫిన్ బండి నడిపే ఆయన ఇదే సమస్యతో వచ్చాడు, అప్పటికే బ్యాటరీ ఒకసారి మార్చేశాడు కూడా. ఇంజన్ నడుస్తుండగా డైనమో (ఇంజన్‌తో తిరిగి బ్యాటరీలను చార్జ్ చేసేది) దగ్గర మీటర్ పెడితే 14.1 వోల్టులు, బాగానే ఉంది. వెనక బ్యాటరీ టెర్మినల్స్ మీద పెడితే 12.9. వైరు చుట్టూ పట్టించి కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్‌తో చూస్తే లోపలికి పోయేది 7 ఆంపియర్లే. రెండు గంటలు నడిపినా 14 ఏహెచ్, ఆ బ్యాటరీలో పదో వంతు కూడా కాదు. 1.2 వోల్టులు ఎక్కడ పోయాయంటే, సగం డయోడ్ ఐసొలేటర్ (ముందు, వెనక బ్యాటరీలను విడిగా ఉంచే పరికరం) తినేసింది (డయోడ్ అంటేనే 0.6, 0.7 పోతుంది), మిగతా సగం ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. ఎవరో ఫిట్టర్ ఆ వైరునే ముందు నుంచి వెనకకు, మళ్ళీ ఎర్త్‌కు లాగేశాడు. పోను ఆరు మీటర్లు, రాను ఆరు మీటర్లు, మొత్తం పన్నెండు. రాను లెక్క చాలామంది మర్చిపోతారు. చీనీ తోటలో మోటార్ దగ్గర ప్రెషర్ బ్రహ్మాండంగా ఉండి, చివరి చెట్టు దగ్గర డ్రిప్పులో బొట్టు బొట్టు కారినట్టే ఇదీ.

లెక్క మీరే వేసుకోవచ్చు. రాగి వైరు 1 స్క్వేర్ ఎంఎం మందంతో ఒక మీటర్ ఉంటే రెసిస్టెన్స్ సుమారు 0.0172 ఓములు. దాన్ని మొత్తం పొడవుతో గుణించి, మందంతో భాగించి, ఆంపియర్లతో గుణిస్తే ఎన్ని వోల్టులు పోతాయో వస్తుంది. పన్నెండు మీటర్లకు 30 ఆంపియర్లు పోవాలంటే 4 స్క్వేర్ ఎంఎంలో ఒకటిన్నర వోల్టు పోతుంది, 25 స్క్వేర్ ఎంఎంలో పావు వోల్టు. ఎండాకాలం వైరు వేడెక్కితే ఇంకో పది శాతం దాకా కలుపుకోండి. చార్జింగ్‌కు 14.4 వోల్టులు కావాల్సిన బ్యాటరీకి ఒకటిన్నర తక్కువైతే ఆ 30 ఆంపియర్లు అసలు పారవు, కరెంటే తగ్గిపోతుంది.

ఇక్కడే మెకానిక్‌లు పొరబడేది. బ్యాటరీ దాదాపు నిండి ఉన్నప్పుడు కొలిస్తే కరెంట్ తక్కువ పోతుంది కాబట్టి డ్రాప్ (దారిలో పోయే వోల్టులు) కూడా తక్కువే, మీటర్ 14 చూపిస్తుంది, "అంతా ఓకే సార్, బ్యాటరీదే తప్పు" అనేస్తారు. సన్న వైరుతో బ్యాటరీ నిండదని కాదు, నిదానంగా నిండుతుంది, పన్నెండు గంటలిస్తే నిండేదేమో, మీ చేతిలో ఉన్నది రెండు గంటలు. అందుకని రాత్రి ఫ్రిజ్ నడిపి సగం ఖాళీ అయ్యాక, పొద్దున ఇంజన్ స్టార్ట్ చేసి కొలవండి. ఒక ప్రోబ్ డైనమో ప్లస్ మీద, ఇంకోటి వెనక బ్యాటరీ ప్లస్ మీద పెడితే ఆ దారిలో ఎంత పోతోందో నేరుగా చూపిస్తుంది. మైనస్ వైపు కూడా అలాగే. ఎర్త్‌ను ఛాసిస్‌కు పెయింట్ మీదే బోల్టు వేసి బిగించి ఉంటే సగం రోగం అక్కడే బయటపడుతుంది.

టిఫిన్ బండికి 25 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేసి, లగ్గులు (కేబుల్ కొనకు వేసే లోహపు తొడుగులు) సుత్తితో కొట్టకుండా ప్రెస్‌తో నొక్కి క్రింప్ చేయించి, డయోడ్ తీసేసి, వోల్టేజ్ చూసి రెండు బ్యాటరీలనూ కలిపే రిలే (దానంతటదే పడే స్విచ్) పెట్టాను. రెండు బ్యాటరీల దగ్గరా 60 ఆంపియర్ల ఫ్యూజు. బండి కింద పోయే ప్లస్ కేబుల్‌కు ఫ్యూజు లేకుండా వదిలేసేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్, ఒరుసుకుని షార్ట్ అయితే ఆపేదేమీ ఉండదు. కేబుల్ కొనేటప్పుడు కొన చెక్కి చూడండి, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత వేసిన అల్యూమినియం, అదే మందానికి డ్రాప్ ఒకటిన్నర రెట్లు.

మీది 2020 తర్వాతి బీఎస్6 బండి అయితే ఇంకో చిక్కు ఉండొచ్చు. డీజిల్ ఆదా కోసం డైనమో వోల్టేజ్‌ను కంప్యూటరే తగ్గించేసే బండ్లు ఉన్నాయి, వాటికి ఎంత లావు కేబుల్ వేసినా లాభం లేదు, వచ్చే వోల్టేజ్‌ని బ్యాటరీకి కావాల్సినంతకు మార్చి, కరెంటును హద్దులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెట్టాల్సిందే. లిథియం బ్యాటరీకి మారే ఆలోచన ఉన్నా అదే పెట్టండి, లేకపోతే అది కరెంటు లాగే స్పీడుకు డైనమో కాలిపోయే ప్రమాదం ఉంది.

ఊళ్ళో ఎక్కడైనా ప్లగ్ పెట్టి చార్జ్ చేస్తే కూడా వైరు చూసుకోండి. మోటార్లు నడిచే వేళ ఇంటి కరెంటు 180 వోల్టులకు పడిపోయే చోట్ల, పైగా సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగితే, పాత ట్రాన్స్‌ఫార్మర్ టైపు చార్జర్ అవుట్‌పుట్ కూడా దాంతోపాటే పడిపోతుంది. ఎండాకాలంలో మాత్రం ఉల్టా. 14.4 అన్నది 25 డిగ్రీలకు చెప్పే లెక్క, మన మే నెలలో బ్యాటరీ పెట్టె లోపల 45 ఉంటే 13.9 చాలు, టెంపరేచర్ సెన్సర్ లేని చార్జర్ 14.4 మీదే కూర్చుంటే నీళ్ళు ఉడికిపోతాయి.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం ఉంటే ఇంట్లో మంచి చార్జర్‌కు ఒక రాత్రంతా పెట్టి, కొంతసేపు వదిలేసి, హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లుల (బ్యాటరీ లోపలి అరల) గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, చూడండి. అన్నీ 1.240 దగ్గర ఉంటే బ్యాటరీకి ఏమీ కాలేదు. ఒక్క సెల్లు 1.150 దగ్గరే ఆగిపోయి మిగతావి బాగుంటే మాత్రం ఆ సెల్లు పోయినట్టే, అప్పుడు మార్చండి, కానీ కేబుల్ మార్చాకే కొత్తది బిగించండి.