మీ ప్రశ్న - మా జవాబు: రోడ్డు మీదే ఎక్కువ తిరిగే థార్‌కి ఏ టైర్లు?

ప్రశ్న: నమస్తే అండి. మాది వైజాగ్. 2021 మోడల్ థార్ డీజిల్, ఫోర్ బై ఫోర్, కంపెనీ సైజు 255/65 ఆర్18. కంపెనీతో వచ్చిన టైర్లు అరిగిపోయాయి, వానలో బ్రేక్ కొడితే జారుతోంది. రోజూ మధురవాడ నుంచి గాజువాక ఆఫీసుకి వెళ్ళి రావడమే, అప్పుడప్పుడు అరకు, చలికాలంలో లంబసింగి, వంజంగి. టైర్ల షాపులో ఎంటీ (మడ్ టెరైన్, అంటే బురద టైర్లు) వేయించుకోండి లుక్ అదిరిపోద్ది, ఒక సైజు పెద్దది కూడా పడుతుంది అంటున్నారు, మా బావమరిదేమో హెచ్‌టీ (హైవే టైర్లు) చాలు డబ్బులు దండగ అంటున్నాడు. ఏది తీసుకోమంటారు? ఇప్పుడు రెండే మార్చి మిగతా రెండూ వచ్చే ఏడాది మారిస్తే సరిపోద్దా?

జవాబు: కంపెనీ సైజులోనే మంచి ఏటీ (ఆల్ టెరైన్, అంటే రోడ్డుకీ మట్టి, రాళ్ళ దారికీ పనికొచ్చేవి) వేయించుకోండి, ఎంటీ మాత్రం వద్దు. మీ బండి ఎక్కువ తిరిగేది హైవే మీద, అదీ వానలు గట్టిగా పడే ఊళ్ళో, ముందున్న లారీ సడన్‌గా ఆగితే తడి రోడ్డు మీద మీ బండి ఎంత దూరంలో ఆగుద్ది అన్నదే మీకు రోజూ అవసరమయ్యే విషయం. ఎంటీకి రోడ్డుకి ఆనే రబ్బరు బ్లాకులు పెద్దవి, మధ్యలో సందులు బాగా వెడల్పు, బురదలో చక్రం తిరుగుతుంటే ఆ సందుల్లోంచి మట్టి విసిరేసి మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంటది, అందుకోసమే దాన్ని అలా చేశారు. తారు రోడ్డు మీదకొచ్చేసరికి ఆ సందుల వల్లే రోడ్డుకి ఆనే రబ్బరు తగ్గిపోద్ది, ఎత్తైన బ్లాకులు బ్రేక్ కొట్టినప్పుడు, మలుపు తిప్పినప్పుడు వంగుతాయి, తడిలో పట్టు కోసం బ్లాకుల మీద ఉండాల్సిన సన్న గీతలు చాలా ఎంటీల్లో తక్కువ. వానాకాలం అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ఇది బాగా తెలిసొస్తది. దానికితోడు బరువు, హోరు, డీజిల్ ఖర్చు.

మీ బావమరిది మాట కొట్టిపారేసేది కాదండి. తారు మీద హెచ్‌టీ అంత నిశ్శబ్దంగా ఇంకేదీ నడవదు, వంజంగి లాంటి రాళ్ళ దారులు లేకపోతే నేనూ అదే వేయించుకోమనేవాణ్ణి. కానీ పదునైన రాళ్ళ మీద హెచ్‌టీ సైడ్‌వాల్ కోసుకుపోయే ఛాన్స్ ఎక్కువ, పక్కన కోసుకుపోతే పంక్చర్ షాపులో కూడా చేసేదేం లేదు, టైరే మార్చాలి. ఏటీల్లో కూడా అన్నీ ఒకటి కాదు, బ్లాకులు దగ్గర దగ్గరగా ఉండి వాటి మీద సన్న గీతలు బాగా ఉన్నది చూసుకోండి. యోకోహామా జియోలాండర్ ఏటీ జీ015, అపోలో ఆప్టెరా ఏటీ2 లాంటివి రోడ్డు వైపు మొగ్గే ఏటీలు, మీ సైజులో ఏది దొరుకుతుందో కనుక్కోండి. 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతి మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి ఫలానా ఫారిన్ బ్రాండే కావాలని పట్టుబడితే అన్ని సైజులూ దొరక్కపోవచ్చు.

పెద్ద సైజు సంగతి. మీ టైరు ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు, 265/70 ఆర్18 వేస్తే 828 దాకా వెళ్తది, అంటే ఐదు శాతం పెరిగినట్టు. స్పీడోమీటర్‌లో 80 కనిపించే చోట బండి అంతకుముందు కంటే ఐదు శాతం ఎక్కువ స్పీడుతో పోతుంటది, పికప్ తగ్గుద్ది, బ్రేకుల మీద భారం పెరుగుద్ది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఎక్కడైనా బండికి ఒరుసుకోవచ్చు, రేపేదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళతో వాదన కూడా. సిటీలో తిరిగే బండికి ఇదంతా అనవసరం.

రెండేసి మార్చే ఆలోచన మానుకోండి, ఇది గట్టిగా చెప్తున్నా. మీది పార్ట్‌టైం ఫోర్ బై ఫోర్, అంటే కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకీ శక్తి వెళ్ళే బండి, అందుకోసం ఫోర్ హెచ్ గేరు వేసినప్పుడు ముందు, వెనక ఇరుసులు ఒకే స్పీడులో తిరిగేలా లాక్ అవుతాయి. ముందు కొత్తవి వెనక అరిగినవి ఉంటే చక్రాల ఎత్తు తేడా వల్ల ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక ఇరుసులకి పంచే గేరు పెట్టె) మీద పడుద్ది, గట్టి నేల మీదైతే మరీను. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే ప్యాటర్న్ ఉండాలి, బడ్జెట్ ఉంటే స్టెప్నీ కూడా అదే వేయించి పదివేల కిలోమీటర్లకోసారి ఐదింటినీ మార్చి మార్చి వాడుకోండి. ఇంకా జారుతోంది అన్నారు కదా, చట్టం ప్రకారం టైరు గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకి అరిగే దాకా వాడొచ్చు గానీ వాన నీటికి 3 దగ్గరే పట్టు బాగా తగ్గిపోద్ది, కాబట్టి వానలు మొదలవ్వకముందే మార్చేయండి.

బిల్లు కట్టేముందు సైడ్‌వాల్ మీద లోడ్ నంబరు పాత టైరు కంటే తక్కువ లేకుండా చూడండి, 111 అంటే ఒక్కో టైరు 1090 కిలోలు మోస్తుందని. గాలి డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్‌లో రాసినంతే కొట్టించండి. కొత్త టైర్లు మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కాస్త జారతాయి, ఘాట్ ప్రోగ్రాం ఆ తర్వాత పెట్టుకోండి.

ప్రశ్న: సార్, మాది హనుమకొండ దగ్గర ఊరు, జిమ్నీ ఉంది, 195/80 ఆర్15 హెచ్‌టీ టైర్లు. రోజూ టౌన్‌కే గానీ వానాకాలం పొలం దాకా పోవాలి, నల్లరేగడి. ఏటీ వేస్తే పోతదా?

జవాబు: పూర్తిగా తడిసిన నల్లరేగడిలో ఏటీ కూడా నాలుగు చుట్లు తిరిగేసరికి సందులన్నీ పూడుకుపోయి నున్నగా అయిపోతది, ఆ మట్టి గుణమే అది. రెండు మూడు రోజులు ఆరిన దారికి, మొరం రోడ్డుకి మాత్రం ఏటీ చాలా మెరుగు, అది వేయించుకోండి. వానాకాలం అంతా రోజూ ఆ బురదలోనే పోక తప్పదు అంటే ఎంటీ గురించి ఆలోచించాల్సిన కేసు మీదే, టౌన్‌లో నెమ్మదిగా నడపడానికి సిద్ధపడి తీసుకోవాలి. నెలలో ఒకటి రెండు సార్లే అయితే బండి తారు రోడ్డు మీద ఆపి నడిచిపోవడం మేలు. 215/75 ఆర్15 సైజు ఎత్తులో ఒకటిన్నర శాతమే తేడా గానీ బరువు పెరుగుద్ది, ఆ 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌కి అది తెలుస్తది, పాత సైజే ఉంచుకోండి.

ప్రశ్న: టైరు మీద 1423 అని ఉంది, కొత్తదే అంటున్నారు, తీసుకోవచ్చా?

జవాబు: అది 2023లో 14వ వారం తయారైన టైరు. వాడనిది కావచ్చు గానీ మన ఎండల్లో రబ్బరు ఊరికే ఉన్నా గట్టిపడుతూనే ఉంటది. ఏడాది లోపు తేదీ ఉన్నదే అడగండి, సెట్ మొత్తం తేదీలు దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో ఫిట్టింగ్‌కి ముందే చూసుకోండి, రిమ్‌కి ఎక్కించాక వాపసు తీసుకోరు.